క్రెమోనాలో లేబుల్ చివరికి చూస్తారు

మిలాన్ దాకా వచ్చినవాళ్లకు ఒక్కరోజు ఖాళీ దొరికితే వెనిస్‌కో, కోమో సరస్సుకో పోతారు. నాతో వచ్చిన ఆఫీసు మిత్రులూ అదే చేశారు. నేను మాత్రం వయొలిన్ల తయారీకి పేరుపడ్డ క్రెమోనా ఊళ్లో దిగడానికి మాంతోవా వెళ్లే బండి ఎక్కాను. కొదోన్యో దాటాక సింగిల్ లైను. ఎదురుబండి కోసం చాలాసేపు ఆపేశారు. ఎందుకు ఆగిందో చెప్పే నాథుడు లేడు, లోపల ఒకటే ఉక్క. కిటికీలోంచి చూద్దామంటే మొక్కజొన్న చేలు తప్ప ఏమీ లేవు. చిరాకుగానే దిగాను.

మా తాతయ్య ఫిడేలు నన్ను అక్కడికి లాక్కెళ్లింది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వేంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో తాతయ్య అక్కడ చదువుకున్నాడు. మద్రాసులో కొన్న ఆ ఫిడేలు లోపల ఒక కాగితం అంటించి ఉంది: ‘ఆంటోనియస్ స్ట్రాడివారియస్ క్రెమొనెన్సిస్ ఫేసియెబాట్ ఆనో 1721’. క్రెమోనా వాడైన స్ట్రాడివారి, అంటే వయొలిన్ తయారీలో అందరికంటే పేరున్నవాడు, 1721లో చేశాడని అర్థం. ఆయన 1721లో చేసిన ‘లేడీ బ్లంట్’ అనే వయొలిన్ 2011లో వేలంలో కోటీ యాభై తొమ్మిది లక్షల డాలర్లకు పోయింది. ఆ వార్త చూసినప్పటి నుంచి మా చిన్నాన్నకు నిద్ర లేదు. ఈమధ్య ఎవరో ఫోటోలు చూసే సర్టిఫికెట్ ఇస్తామని, ముందు డబ్బు కట్టమని అడుగుతున్నారట. కట్టేలోపు ఒకసారి కనుక్కుని వస్తానని చెప్పి వచ్చాను.

వయొలిన్ మ్యూజియం 2013లో తెరిచారు. టికెట్టు మన డబ్బుల్లో వెయ్యి రూపాయల పైమాటే. లోపల ఆంద్రెయా అమాతి ఫ్రాన్సు రాజు తొమ్మిదో చార్లెస్ కొలువు కోసం 1566లో చేసిన వయొలిన్ ఉంది. స్ట్రాడివారి 1715లో చేసిన ‘ఇల్ క్రెమొనేసె’ ఉంది. అన్నీ అద్దాల వెనకే. చెవులతో తెలుసుకోవలసినదాన్ని కళ్లతో చూసి రమ్మంటే నాకు ఏమీ బాగోలేదు. ఈ వాద్యాల నాదాన్ని రికార్డు చేసి దాచడానికి 2019లో చుట్టుపక్కల వీధుల్లో బండ్లు ఆపేసి, ఊరంతా నిశ్శబ్దంగా ఉండమని మేయర్ కోరాడు. అంత శ్రద్ధ ఉన్న ఊరే 1869లో స్ట్రాడివారిని పాతిపెట్టిన సాన్ దొమెనికో చర్చిని కూల్చేసింది. ఇప్పుడక్కడ పార్కు ఉంది. అది తలుచుకుంటే కోపం వచ్చింది.

నన్ను కదలనివ్వనిది మాత్రం ఆయన పనిముట్ల గది. వయొలిన్ పక్కల్ని వంచి బిగించే చెక్క అచ్చులు, కాగితపు నమూనాలు, గీతలు గీసుకున్న కొలతలు. స్ట్రాడివారి కొడుకు పావొలో దగ్గర వీటిని వయొలిన్లు సేకరించే కౌంట్ కోజియో కొన్నాడు. చేతులు మారి చివరికి వయొలిన్లు చేసే జుసెప్పె ఫియొరీని 1920లో కొని, 1930లో ఊరికి ఇచ్చేశాడు. పాత వయొలిన్ ఎవరి చేతిదో తేల్చేవాళ్లకు ఇంతకంటే పెద్ద ఆధారం ఇంకొకటి ఉండదనిపించింది.

మధ్యాహ్నం గుమ్మడికాయ కూరిన తొర్తెల్లి అనే పాస్తా తిన్నాను. పళ్లను పాకంలో ఊరేసి ఆవఘాటు పట్టించిన మొస్తార్దా పక్కన పెట్టారు. దానికి వేరే బిల్లు వేశారు, అయినా ముక్కుకెక్కిన ఆ ఘాటుకి ప్రాణం లేచొచ్చింది.

ఊళ్లో నూటికి పైగా వయొలిన్ కార్ఖానాలున్నాయి. ఒక సందులో తలుపు తెరిచి ఉన్నదాంట్లోకి వెళ్లాను. అరవై దాటిన ఆవిడ ఒకరు బల్ల దగ్గర మేపుల్ చెక్క గీకుతున్నారు. ఫోన్లో ఫోటోలు చూపించి, లేబుల్ ఫోటో ముందుకు జరపబోయాను. ఆవిడ చేత్తో ఆపేసి, “అది చివర” అన్నారు.

ముందు మొత్తం ఆకారం చూశారు. తర్వాత అంచుల మూలలు. తర్వాత తల, అంటే బిరడాల పైన చుట్ట తిరిగిన భాగం. దాని వెనక చెక్కిన గాడి కిందిదాకా రాకుండా మధ్యలోనే ఆగిపోయింది. అక్కడ ఆవిడ ముఖం మారింది. నా అదృష్టం, ఆమధ్య పగులు అతికించడానికి పైపలక విప్పినప్పుడు చిన్నాన్న తీయించిన ఫోటోలు కూడా ఉన్నాయి. లోపల మూలల్లో ఉండాల్సిన చెక్క దిమ్మలు లేవు. పైపలక కింద మందర తీగ, అంటే లావుపాటి తీగ, వైపు ఉండే పట్టీ విడిగా అతికించింది కాదు, పలకలోంచే చెక్కి వదిలేసింది. “అచ్చు లేకుండా కట్టారు. జర్మనీ. మార్క్‌నాయ్‌కిర్షెన్ వైపు” అన్నారు. అక్కడ ఒక ఇంట్లో తలలు, ఒక ఇంట్లో పలకలు చేసి, వేలకు వేలు ప్రపంచమంతా పంపేవారట. లేబుల్ మోసానికి కాదు, ఏ నమూనాలో చేశారో చెప్పడానికే అంటించేవారట. 1890 నాటి అమెరికా చట్టం తర్వాత అక్కడికి వెళ్లేవాటి మీద దేశం పేరు కూడా వేయాల్సి వచ్చింది. మనది ఆ దారిన పోలేదు కాబట్టి ఆ మాట లేదు.

చెట్టు వలయాలు లెక్కపెట్టి కాలం చెప్పలేరా అని అడిగాను. ఆక్స్‌ఫర్డ్‌లో ఉన్న ‘మెసయ్య’ అనే వయొలిన్ సంగతి చెప్పారు. 1716లో స్ట్రాడివారి చేశాడంటారు. కానీ అది పారిస్‌లో వయొలిన్లు చేసి అమ్మే విల్యోమ్ చేతుల మీదుగా వచ్చింది. ఆయన నకళ్లు చేయడంలో ఆరితేరినవాడు. దాంతో అనుమానం రేగింది. పైపలకలో చివరి వలయం 1687 నాటిదని తేలింది. చెక్క ఆ కాలానిదే. అయితే వలయాలు ఫలానా ఏడాదికి ముందు చేసింది కాదని చెప్పగలవు కానీ, చేసిన చేయి ఎవరిదో చెప్పలేవు. అది చెప్పడానికి వందల వాద్యాలు చేత్తో పట్టుకున్న మనిషి కన్నే కావాలి. ఆ మనిషి నిజాయితీ కూడా కావాలని నాకు అనిపించింది. పేరుమోసిన వయొలిన్ వ్యాపారి డీట్మార్ మాఖోల్డ్‌కి మోసం కేసులో 2012లో వియన్నాలో జైలుశిక్ష పడింది. నిపుణుడూ అమ్మేవాడూ ఒకడే అయిన చోట సర్టిఫికెట్‌ను నమ్మలేం.

నేను లేచేలోపు ఆవిడే మళ్లీ తల ఫోటో పెద్దది చేసి చూశారు. గడ్డం ఆనే చోట వార్నిష్ కొత్తగా ఉంది, తల మీద మాత్రం చెక్క తేలేంత అరిగిపోయింది. ఎందుకని అడిగారు. నేను నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. కుడికాలి చీలమండ మీద తల ఆనించి, రెండో కొస భుజానికి తగిలించి, తాతయ్య ఎలా వాయించేవాడో చూపించాను. బిరడాల పెట్టెలో మడతల మధ్య ఎర్రగా ఉన్నదేంటని అడిగారు. దసరాకి మా నాయనమ్మ పెట్టిన కుంకుమ అని చెప్పాను. ఆవిడ ఒక కాగితం తీసి ఇవన్నీ రాసుకున్నారు. డబ్బు ఎంత ఇవ్వమన్నా తీసుకోలేదు.

“ఆ అరుగుదల మీద వార్నిష్ వేయనివ్వకండి. ఆ ఎరుపు తుడవనివ్వకండి. ఎవరు కొన్నారో, ఎవరు వాయించారో రాసి పెట్టెలో పెట్టండి” అని గట్టిగా చెప్పారు.

స్టేషన్ నుంచే చిన్నాన్నకు ఫోన్ చేశాను.

“ఏమన్నార్రా?”

“జర్మనీది చిన్నాన్నా. నూరేళ్లు దాటి ఉండొచ్చట.”

“అయితే స్ట్రాడివారి కాదన్నమాట.”

“కాదు. ఆ సర్టిఫికెట్ వాళ్లకి డబ్బు కట్టకండి. పాలిష్ పనికి కూడా ఇవ్వకండి.”

కాసేపు ఏమీ మాట్లాడలేదు. పాలిష్ వాడు రేపు వస్తానన్నాడని, వద్దని చెప్పేస్తానని అన్నాడు. తాతయ్య దాన్ని ఏ ఏడు కొన్నాడో గుర్తుందా అని అడిగాను. పెద్దమ్మ పెళ్లికి ముందే అన్నాడు, కాదు తర్వాత అన్నాడు. పార్వతీపురం అత్తకి ఖచ్చితంగా తెలుస్తుంది, కనుక్కుని రాత్రికి చెబుతానని పెట్టేశాడు.