తోక మొదట్లో ఉన్నది మచ్చా, చారా?

విశాఖ తెన్నేటి పార్కు కింద సముద్రపు రాళ్లు, అమావాస్య ఆటు. గుంటల్లో మూడు సార్జెంట్ చేప (ఒంటి మీద నిలువు చారలుండే అబుడెఫ్డఫ్ ప్రజాతి) పిల్లలు దొరికాయి. రెండింటికి ఐదేసి చారలు, వీపు మీద పసుపు, తోక మీద గీతల్లేవు. అబుడెఫ్డఫ్ వైజియెన్సిస్, అనుమానమే లేదు.

మూడోది మాత్రం చంపుతోంది. పొడవు 38 మి.మీ. ఒంటి మీద ఆరు చారలు, తోక మొదట్లో నల్లగా ఇంకొకటి. అది వీపు వైపే జీనులా కూర్చుని ఆగిపోతే అదే ప్రజాతిలోని సార్డిడస్ జాతి. కింది అంచు దాకా దిగితే బెంగాలెన్సిస్ జాతి. తేల్చాల్సింది ఇదే, 41 ఫొటోల్లో ఒక్కదాంట్లోనూ తేలలేదు!

తప్పు కోణంలో ఉంది. గట్టు మీద నుంచి వంగి తీస్తే పొట్ట వైపు కనపడదు, ఏ చారైనా జీను మచ్చలాగే ఉంటుంది. నీటి మెరుపు పోవాలని పోలరైజర్ (మెరుపును అడ్డుకునే ఫిల్టర్) పెట్టి, నిట్టనిలువుకు 53 డిగ్రీలు వాల్చి తీస్తే మెరుపు పోయింది గానీ, వక్రీభవనం చేపను పైనుంచి నొక్కేసింది. పొడవుతో పోలిస్తే ఒంటి ఎత్తు ఆ ఫొటోల్లో 0.41, చేపను అక్రిలిక్ డబ్బాలో పెట్టి పక్కనుంచి తీస్తే 0.55. అందుకే గట్టు ఫొటోలో ఎత్తు కొలవడం దండగ. చారకూ సందుకూ నిష్పత్తి నమ్మొచ్చు, రెండూ అడ్డంగానే ఉంటాయి కాబట్టి. అది 0.7 వచ్చింది. సన్న చారలంటే బెంగాలెన్సిస్ వైపే మొగ్గు.

డబ్బా 10×8×3 సెం.మీ., వెనక తెల్ల స్కేలు. మొదటి మూడు ఫ్రేములు ఫోకస్ తప్పాయి. 40 సెకన్లకల్లా చేప పాలిపోయి, తోక దగ్గరి నలుపు బూడిద రంగులో కలిసిపోయింది. నల్లరాతి గుంటలోంచి తెల్లటి వెనకతలం ముందుకు తేవడమే కారణమై ఉండాలి, బెదురు కూడా కొంత.

వెన్నురెక్క ముళ్లు లెక్కపెడితే తెలుస్తుందంటారు. ఈ ప్రజాతిలో అందరికీ 13 ముళ్లే, దాంతో ఏం తేలుతుంది? రాతి గుంట కాబట్టి సార్డిడస్సే అనడమూ కుదరదు, అదే గుంటలో వైజియెన్సిస్ పిల్లలూ ఉన్నాయిగా. కెమెరా విషయానికొస్తే ఒలింపస్ టీజీ-6లో అతి దగ్గర నుంచి తీసే మైక్రోస్కోప్ మోడ్ బాగా పనికొస్తుంది. పౌచ్‌లో పెట్టిన ఫోను ఈ పనికి పనికిరాదు.

పౌర్ణమి ఆటుకు స్కేలు తీసేసి ముదురు గోధుమ రంగు షీటు అంటించాలి. కొలతకు డబ్బా అంచు మీదే మి.మీ. గీతలు గీస్తే చాలు. చేపను దించకముందే ఆ గీతల మీద ఫోకస్ లాక్ చేసి, గొడుగు నీడలో, ఫ్లాష్ లేకుండా, 20 సెకన్లలో పక్కనుంచి తీసి అదే గుంటలో వదలాలి. ఈసారి తోకతో పాటు చేతిరెక్క (మొప్ప వెనక ఉండే పక్క రెక్క) మొదట్లో పైభాగం కూడా ఫ్రేములో పడాలి: అక్కడ చిన్న నల్ల చుక్క ఉందో లేదో చూడాలి.