కోడు రాసే చేత్తోనే కొట్టు గడప తొక్కాలి: మెడికల్ షాపుల సాఫ్ట్‌వేర్‌తో నా అనుభవం

నిన్న సాయంత్రం గుంటూరు కొత్తపేటలో ఒక మెడికల్ షాపాయన మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి ఏడాది డబ్బులు కట్టారు. ఆరు వేలు. పోయిన ఏడాది మమ్మల్ని కౌంటర్ దగ్గర నుంచి పక్కకు జరగమన్నది ఈయనే. ఆ సంతోషం ఆరకముందే రాసేస్తున్నాను.

ఉద్యోగం మానేయడం, కంపెనీ రిజిస్ట్రేషన్, స్టార్టప్ ఇండియా గుర్తింపు పెద్ద కష్టమేం కాలేదు, ఆడిటర్‌గారు చూసుకున్నారు. నేనూ, నాతో ఇంజినీరింగ్ చదివిన స్నేహితుడూ. ఇద్దరికీ కోడు రాయడం వచ్చు, అమ్మడం ఎవరికీ రాదు. పదకొండు నెలలు మేడ మీద గదిలో రాస్తూనే కూర్చున్నాం. ఈ ఒక్క ఫీచర్ అయిపోతే షాపులకి వెళ్దాం అనుకోవడం, అది అవగానే ఇంకోటి ఎత్తుకోవడం. రంగురంగుల గ్రాఫులు కూడా పెట్టాం.

మొదటి డెమోకి సాయంత్రం ఏడింటికి ఆ కొత్తపేట షాపుకే వెళ్లాం. డాక్టర్లు ఓపీ చూసే వేళ. కౌంటర్ ముందు చీటీలు పట్టుకుని ఏడెనిమిది మంది. "పెట్టండి బాబూ, చూద్దాం" అన్నారాయన. ఒక పెద్దావిడ బీపీ మాత్రలు ఆరు కావాలంది. ఆయన పదిహేను మాత్రల స్ట్రిప్ తీసి, కత్తెరతో ఆరు కత్తిరించి కవర్లో వేశారు. మా స్క్రీన్ మీద 6 కొడితే ఆరు స్ట్రిప్పులకు బిల్లు పడింది. "0.4 కొట్టండి" అన్నాడు నా స్నేహితుడు మెల్లగా. దశాంశాలు తీసుకోదని నాకు తెలుసు, నేనే రాశాను ఆ కోడు. విడి మాత్రలు అమ్మే దారే మేం పెట్టలేదు! పాత సాఫ్ట్‌వేర్‌లో ఆయన మౌస్ ముట్టుకోరు. మందు పేరులో నాలుగు అక్షరాలు, ఎంటర్, ఎంటర్, బిల్లు. మా దాంట్లో అడుగడుగునా క్లిక్ చేయాలి. వెనక నుంచి ఎవరో "ఎంతసేపండీ" అన్నారు. ఆయన నా ల్యాప్‌టాప్ మూసి నా చేతికిచ్చి, "పక్కకు జరగండి బాబూ, జబ్బుతో ఉన్నోళ్లు నిలబడ్డారు" అన్నారు. గొంతు కూడా పెంచలేదు. ఆ జనం మధ్యలోంచి బయటికొస్తుంటే తల కొట్టేసినట్టయింది. బండి దగ్గర పావుగంట ఇద్దరం మాట్లాడుకోలేదు.

ఆ దెబ్బకి రెండోవైపు ఒరిగిపోయాం. లోపం మార్కెటింగ్‌లో ఉందనుకుని ఒక ఏజెన్సీకి మూడు నెలలకి డెబ్బై ఐదు వేలు పోశాం. పోస్టులు, లైకులు బాగానే వచ్చాయి. ఫోన్ చేసినవాళ్లంతా ఉద్యోగం కోసం అడిగిన కుర్రాళ్లే, ఒక్క మెడికల్ షాపు లేదు. మీ కస్టమర్ కౌంటర్ దగ్గర గంట నిలబడని ఏజెన్సీకి రూపాయి ఇవ్వకండి. ఆ మూడు నెలలూ కోడు ముట్టుకోలేదు. కొన్ని యాంటీబయాటిక్‌ల లాంటి షెడ్యూల్ హెచ్1 మందులు ఏ డాక్టర్ చీటీ మీద, ఎవరికి అమ్మారో రాసే రిజిస్టర్ మూడేళ్లు దాచాలని చట్టం. మా దాంట్లో ఆ రిజిస్టర్‌లో డాక్టర్ పేరే పడటం లేదని, ట్రయల్ వాడుతున్న ఒక షాపు మమ్మల్ని వదిలేసింది.

ఆ తర్వాతే దారిలో పడ్డాం. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షాపులు ఖాళీగా ఉంటాయి, అప్పుడు ఇద్దరం వెళ్తాం. నువ్వు కోడు, నేను అమ్మకం అని పంచుకోవద్దు. కత్తెర చప్పుడు ఇద్దరూ వినాలి. మూడు షాపులు అడిగితేనే కొత్త ఫీచర్. విడి మాత్రలు, కీబోర్డు బిల్లింగ్ ముందు చేశాం. గ్రాఫులు పీకేశాం.

2025 సెప్టెంబరు 22న చాలా మందులకి జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. పన్నుతో కలిపి 112 రూపాయలున్న స్ట్రిప్ 105కి అమ్మాలి, దాని మీద ముద్రించి ఉన్నది పాత ధర. షాపులవాళ్లకి ఒకటే టెన్షన్. మేం ముందు రాత్రంతా కూర్చుని పాత స్టాకుకి కొత్త ధర దానంతటదే పడేలా చేసి, తెల్లారి షాపుషాపుకీ తిరిగాం. రెండు వారాల్లో పదకొండు షాపులు చేరాయి. ఏజెన్సీ మూడు నెలల్లో చేయలేనిది ఆ ఒక్క రాత్రి పని చేసింది, గర్వంగానే చెప్తున్నాను.

నిన్న డబ్బులు కట్టాక ఆయన, "ఎక్స్‌పైరీ మందులు వెనక్కి పంపే లిస్టు డిస్ట్రిబ్యూటర్ వారీగా రావట్లేదు, అది చూడండి బాబూ" అన్నారు. ఆ మాట అడిగిన మూడో షాపు ఆయనదే. రేపు పొద్దున మొదలుపెడుతున్నాం.