దుమ్మనుకుని తుడిచేసిన గెలాక్సీలు

మా హాల్లో టీవీకి ఎదురు గోడ మీద ఒక మేకు ఆర్నెల్లు ఖాళీగా ఉండిపోయింది. గడియారం పాడైపోయాక ఆ చోట ఏం పెట్టాలా అని ఆలోచించి ఆలోచించి, చివరికి బుల్లెట్ క్లస్టర్ అనే గెలాక్సీల గుంపు ఫోటో ప్రింట్ తీయించి పటం కట్టించాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి ఎందుకు కట్టించాల్సి వచ్చిందో చెప్పడానికే ఇదంతా.

అంతరిక్షం బొమ్మ గోడకి పెట్టాలనుకునేవాళ్ళు ఎక్కువగా హబుల్ టెలిస్కోపు తీసిన పిల్లర్స్ ఆఫ్ క్రియేషనో, జేమ్స్ వెబ్ తీసిన కరీనా నెబ్యులా కొండలో పెడతారు. బావుంటాయి, కాదనను. కానీ ప్రతి ఫోన్ వాల్‌పేపర్ మీదా చూసీ చూసీ నాకవి పాతకాలం ఊటీ సీనరీ క్యాలెండర్లలా అయిపోయాయి. బుల్లెట్ క్లస్టర్ అంత అందగత్తె కాదు. నల్లటి బ్యాక్‌గ్రౌండు, దాని నిండా నారింజ, తెలుపు చుక్కలు, మధ్యలో గులాబీ రంగు ముద్దలు రెండు, వాటికి బయటగా చెరోపక్కా నీలం మబ్బు. కుడివైపు ముద్ద బాణం మొనలా ఉంటుంది, బుల్లెట్ అన్న పేరు దాన్నిబట్టే వచ్చింది. బొమ్మ 2006 ఆగస్టులో బయటికొచ్చింది. అందులో ఉన్నవి రెండు గెలాక్సీల గుంపులు, చిన్నది పెద్దదాని మధ్యలోంచి దూసుకుపోయి అవతల తేలింది. నాసా చెప్పే దూరం 380 కోట్ల కాంతి సంవత్సరాలు.

గుద్దుకోవడం అంటే లారీలు గుద్దుకున్నట్టు ఊహించుకుంటాం కదా, అలా కాదు. చిన్నప్పుడు మా ఊళ్ళో చెరువుగట్టు మీద సాయంత్రం పూట రెండు గొర్రెల మందలు ఎదురయ్యేవి. గొర్రెలు సందుల్లోంచి ఒకదాన్నొకటి దాటుకుని ఇటువి అటు, అటువి ఇటు వెళ్ళిపోయేవి, కానీ అవి లేపిన దుమ్ము మాత్రం వాటితో పోకుండా గట్టు మధ్యలోనే కలిసిపోయి చాలాసేపు నిలబడేది. ఇక్కడా అంతే. గెలాక్సీల మధ్య బోలెడంత ఖాళీ, కాబట్టి అవి దేనికీ తగలకుండా దాటిపోయాయి. వాటి మధ్య నిండి ఉన్న కోట్ల డిగ్రీల వేడి వాయువు మాత్రం ఎదురెదురుగా తగిలి, నెమ్మదించి, వెనకబడిపోయింది. ఆ వాయువే గులాబీ రంగు.

అసలు తిరకాసు నీలంతో. గెలాక్సీల్లో నక్షత్రాలన్నీ కలిపినా ఈ వాయువంత బరువుండవు. అంటే ఆకర్షణ శక్తి ఎక్కువగా గులాబీ ముద్దల దగ్గరే ఉండాలి. తీరా కొలిస్తే గొర్రెలు ఉన్నచోట, అంటే గెలాక్సీలతో పాటు బయటికి పోయి కనిపించింది. ఎలా కొలిచారంటే, పేపరు మీద గాజు గ్లాసు పెడితే దాని అడుగున ఉన్న అక్షరాలు వంకర్లు పోతాయి చూడండి, గ్లాసు కనపడకపోయినా ఆ వంకర్లని బట్టి అదెక్కడ ఉందో, ఎంత మందమో చెప్పొచ్చు. బరువు కూడా తన పక్కనుంచి పోయే వెలుతుర్ని అలాగే వంచుతుంది. కాబట్టి చాలా వెనక, ఇంకా దూరంలో ఉన్న బుల్లి గెలాక్సీల ఆకారాలు ఎంతెంత వంగాయో లెక్కగట్టి, బరువు ఇక్కడుంది అని నీలం పూశారు. కనపడకుండా, దేనికీ తగలకుండా దాటిపోయిన ఆ బరువే డార్క్ మాటర్. అంటే ఆ నీలం ఏ కెమెరాకీ చిక్కిన వెలుతురు కాదు, ఒక లెక్క. నేను ఈ బొమ్మ మీద మనసు పడింది దానికోసమే.

ఇక ప్రింటింగు. ఫైలు నాసా సైట్లో ఉచితంగా దొరుకుతుంది, సొంతింట్లో పెట్టుకోడానికి ఎవర్నీ అడగక్కర్లేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని దగ్గర్లో ఉన్న డిజిటల్ ప్రింట్ షాపులో ఇచ్చి, ముప్ఫై అంగుళాల వెడల్పు అని చెప్పి వచ్చాను. సాయంత్రం వెళ్తే కంప్యూటర్ దగ్గర కూర్చునే అబ్బాయి మహా సంతోషంగా, "సార్, ఫోటో పాతది అనుకుంటా, మొత్తం దుమ్ము చుక్కలే ఉండె. గంట కూర్చొని క్లీన్ చేసిన" అన్నాడు.

విప్పి చూశాను. పెద్ద పెద్ద గెలాక్సీలు ఉన్నాయి. వాటి మధ్య సన్నటి చుక్కలు, గీతలు వందల్లో ఉండాల్సినవి, లేవు. నల్లగా, శుభ్రంగా, కడిగిన పలకలా ఉంది. నీలం ఏ ఆధారంతో పూశారో సరిగ్గా ఆ ఆధారాన్నే తుడిచి, నీలాన్ని మాత్రం ఉంచాడు. పైగా అసలు దుమ్ము ఆ గులాబీ ముద్దలే, వాటి జోలికి పోలేదు! తిట్టబుద్ధి కాలేదు. పెళ్ళి ఫోటోల్లో మచ్చలు తీసీ తీసీ అలవాటైన చెయ్యి అది, నేనే ముందు ఒక మాట చెప్పి ఉండాల్సింది. డబ్బులిచ్చేసి, "ఫైల్‌లో ఒక్క చుక్క కూడా ముట్టుకోకుండా ఇంకోటి తీయమ్మా" అని మళ్ళీ ఆర్డరిచ్చాను. ఎవరైనా తీయించుకునేట్టుంటే ఈ వాక్యం కాగితం మీద రాసి ఇవ్వండి. ఇంకోటి, స్క్రీన్ మీద వెలిగే నీలం కాగితం మీద అంతగా రాదు, ముందు ఏ4 సైజులో శాంపిల్ చూసుకోండి. అద్దం వద్దు, మ్యాట్ చాలు. మొదటి పటానికి అద్దం వేయిస్తే ట్యూబ్‌లైటు వచ్చి సరిగ్గా బుల్లెట్ మీద పడేది.

రెండోది తగిలించిన రోజు అమ్మ కాసేపు నిలబడి చూసి, "ఎవరి స్కానింగురా ఇది? గోడకి పెట్టావేంటి?" అంది.

నవ్వాను గానీ, ఆలోచిస్తే అంతకంటే కరెక్టుగా చెప్పినవాళ్ళు లేరు. గులాబీ భాగం ఎక్స్‌రేనే. గాలి పొర ఎక్స్‌రేలని కిందికి రానివ్వదు కాబట్టి 1999లో పైకి పంపిన చంద్ర టెలిస్కోపు వంద గంటలకి పైగా చూసి తీసింది. ఆ చంద్ర అన్న పేరు మన నక్షత్రాల శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ గారిదే, ఆయన విశాఖలో చదువుకుని పెరిగిన సి.వి. రామన్ గారి అన్న కొడుకు. నా ఫ్రెండొకడు ఇంటికొచ్చి "రంగులన్నీ ఫోటోషాపే కదరా" అన్నప్పుడు జవాబు అమ్మే చెప్పింది. పోయినేడు ఆవిడ గుండెకి ఎకో తీయిస్తే తెర మీద ఎరుపు, నీలం మెరవడం చూసి నా రక్తం నీలమేంటని టెన్షన్ పడింది. తమ వైపు వచ్చేదానికి ఎరుపు, అవతలికి పోయేదానికి నీలం, మాకు తెలియడానికి మిషను వేసుకునే రంగులమ్మా అని అక్కడి అమ్మాయి చెప్పింది. అదే మాట వాడికి అప్పజెప్పి, "రంగు అబద్ధమైతే డాక్టరు మందులెందుకు రాశాడు మరి?" అంది. వాడు కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

2025 జూన్‌లో వెబ్ టెలిస్కోపు తీసిన ఇదే క్లస్టర్ ఫోటో బయటికొచ్చింది, ఆ చుక్కలు ఇంకా ఎన్ని రెట్లు కనిపిస్తాయో. షాపు అబ్బాయికి అది ఇవ్వాలంటే భయంగా ఉంది.

ఇది ఆకాశంలో ఎక్కడుందిరా అని అమ్మ అడిగితే ఫిబ్రవరిలో ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకి డాబా మీదకి తీసుకెళ్ళాను. దక్షిణాన కిందగా మెరిసే అగస్త్య నక్షత్రం ఆవిడకి నాకంటే బాగా తెలుసు, చూడగానే దణ్ణం పెట్టింది. దానికి ఎడమవైపు, ఇంకాస్త కిందికి, చెయ్యి చాపి మూడు నాలుగు వేళ్ళు అడ్డం పెడితే ఎంతో అంత దూరంలో ఉంటుందని చూపించబోయాను. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళ వాటర్ ట్యాంకు అడ్డమొచ్చింది.