చలికాలంలో బ్రెడ్డు పిండి గడియారాన్ని పట్టించుకోదు

సెలవులకు ఇల్లంతా మనుషులతో నిండిన రోజున నా చేత్తో చేసిన బ్రెడ్డు అందరికీ పెట్టాలని తొలిసారి పూనుకున్నప్పుడు, పుస్తకంలో రాసినట్టే పిండిని గంటసేపు పక్కన ఉంచి, గంట కాగానే ఓవెన్‌లో పెట్టాను. బయటికి తీసిన బ్రెడ్డు బరువుగా, లోపల ముద్దగా ఉంది. భోజనానికి కూర్చున్నవాళ్లలో ఎవరూ ఏమీ అనలేదు గానీ, అక్క కొడుకు ఆ గట్టి ముక్కను పాలలో ముంచుకుని ఓపికగా తింటుంటే చూసి నేను పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది. కొలతలు సరిగ్గానే ఉన్నాయి, పిండిని పొంగించే ఈస్ట్ కూడా మంచిదే. వంటగది ఎంత చల్లగా ఉందో నేను లెక్కలోకి తీసుకోలేదు, అంతే.

ఈస్ట్ ప్రాణమున్న పదార్థం. పిండి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు అది హాయిగా పనిచేస్తుంది. గది చల్లబడేకొద్దీ నెమ్మదిస్తుంది. అందుచేత వేసవిలో గంటలో పొంగే పిండికి చలికాలంలో రెండు గంటలు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పట్టవచ్చు. ఇప్పుడు నేను గడియారం చూడడం మానేసి పిండినే చూస్తున్నాను. పరిమాణం రెట్టింపు కావాలి; ఆకారం ఇచ్చి రెండోసారి పొంగనిచ్చాక, పొడిపిండి అద్దుకున్న వేలితో మెల్లగా నొక్కితే ఆ గుంట నిదానంగా, సగం వరకే పూడుకోవాలి. వెంటనే పూడుకుపోతే ఇంకా ఆగాలని అర్థం. తొందరగా పొంగాలని వేడినీళ్లు పోయడం మాత్రం ఎవరూ చేయకూడదు, ఎందుకంటే 60 డిగ్రీల దగ్గర ఈస్ట్ చచ్చిపోతుంది. దానికి బదులు, వెలిగించని ఓవెన్‌లో పిండి గిన్నె పెట్టి, పక్కనే మరిగిన నీళ్ల గిన్నె ఉంచి తలుపు మూసేస్తే చాలు.

అయితే ఈ చలిని శత్రువుగా చూడనక్కర్లేదని నాకు తర్వాత తెలిసింది. ముందురోజు రాత్రి పిండి కలిపి, మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే, అది తెల్లారేదాకా తాపీగా పులుస్తూ, తొందరపెట్టిన పిండికి ఎన్నడూ రాని రుచిని, వాసనను తెచ్చుకుంటుంది. పొద్దున లేచి ఆకారం ఇచ్చి, మళ్లీ పొంగనిచ్చి కాల్చుకోవడమే మిగులుతుంది. విందు రోజున వండే మనిషికి ఇంతకంటే పెద్ద సాయం లేదని నా నమ్మకం.

కేకు విషయంలో చలి చేసే ఇబ్బంది వేరు. వెన్ననూ పంచదారనూ కలిపి గిలకొట్టినప్పుడు పంచదార పలుకులు వెన్నలోకి గాలి బుడగలను చేరుస్తాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలను పుట్టించదు. అప్పటికే ఉన్నవాటిని పెద్దవి చేస్తుంది. వెన్న 18 నుంచి 20 డిగ్రీల మధ్య, వేలితో నొక్కితే గుంటపడేంత మెత్తగా ఉంటేనే ఆ గాలి నిలుస్తుంది. అంత శ్రమపడి గిలకొట్టిన వెన్నలో చల్లని గుడ్లు పగలగొడితే వెన్న గట్టిపడి మిశ్రమం విరిగిపోతుంది. గుడ్లను పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో ఉంచితే ఆ చిక్కు తీరుతుంది.

ఓవెన్ గురించి ఒక్క మాట. మా ఓవెన్ మీట 180 దగ్గర పెట్టినా లోపల 160 మాత్రమే ఉంటోందని చిన్న థర్మామీటర్ పెట్టి చూసిన రోజున, ఎన్నో కేకుల పాలిపోయిన రంగుకు కారణం దొరికింది.

విందుకు సంబంధించి నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది: కాల్చిన మనిషి కూడా అందరితో కలిసి కూర్చుని తినాలి. మా ఇంట్లో చాలా ఏళ్లు అమ్మ వంటగది గుమ్మం దగ్గరే నిలబడి, అందరి భోజనాలూ ముగిశాక చల్లారిన అన్నం తినేది. ఆ పద్ధతి నా దగ్గర కొనసాగకూడదని, భోజనానికి కూర్చునే వేళ నుంచి వెనక్కి లెక్క వేసుకోవడం అలవాటు చేసుకున్నాను. ఎండుపండ్ల కేకులో పంచదార ఎక్కువ, తేమ తక్కువ కాబట్టి త్వరగా పాడవదు. అది వారాల ముందే సిద్ధమవుతుంది. బిస్కెట్ల పిండిని కడ్డీలా చుట్టి డీప్‌ఫ్రీజర్‌లో పెడితే, కావలసినప్పుడు కోసి కాల్చుకోవచ్చు. బ్రెడ్డు భోజనానికి కనీసం గంట ముందే ఓవెన్ నుంచి బయటికి వస్తుంది, ఎందుకంటే లోపలి పిండిపదార్థం గట్టిపడక ముందే కోస్తే ముక్క జిగురుగా ఉంటుంది. ఆ గంటలోనే నేను చేతులు కడుక్కుని, చీర మార్చుకుని, వచ్చినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడుతాను. పిండిని వేలితో నొక్కి చూసే పని ఇప్పుడు అక్క కొడుకుదే. "పిన్నీ, ఇంకా కాలేదు" అని వాడంటే నేను ఓవెన్ వెలిగించను.

మిగిలిన బ్రెడ్డును ఫ్రిజ్‌లో పెట్టవద్దని మాత్రం ప్రతి ఏడూ అందరికీ చెబుతాను. ఆ చల్లదనంలోనే అది అన్నిటికంటే త్వరగా బిరుసెక్కుతుంది. ముక్కలు కోసి డీప్‌ఫ్రీజర్‌లో ఉంచి, మర్నాడు పొద్దున నేరుగా పెనం మీద వేడిచేస్తే, ప్రయాణాలకు సిద్ధమవుతున్నవాళ్లకు మెత్తని ముక్కలే అందుతాయి.