స్మోలెన్స్క్‌లో ఆగాను

మార్చ్ ఆఫ్ ది ఈగిల్స్ అనే నెపోలియన్ కాలపు కంప్యూటర్ గేమ్‌లో ఫ్రాన్స్ తీసుకుని రష్యా మీదికి దండెత్తాను. సరిహద్దులోని నేమన్ నది దాటాక సరైన యుద్ధమే జరగలేదు, అయినా సైన్యం పక్కన కనిపించే సైనికుల సంఖ్య కరుగుతూనే ఉంది. దండు ఎంత పెద్దదైతే అంత త్వరగా తిండి కరువు. రష్యన్లు మాత్రం వెనక్కి జరుగుతూనే ఉన్నారు.

1812లో జరిగిందీ ఇదే. జూన్ 24న నది దాటిన నెపోలియన్‌కి కోరుకున్న పెద్ద పోరు సెప్టెంబర్ 7న బొరొడినోలో గానీ దొరకలేదు. అప్పటికే ఆకలి, టైఫస్ సైన్యాన్ని బాగా తినేశాయి. మాస్కోలో ఐదు వారాలు కూర్చున్నా రష్యా చక్రవర్తి జార్ నుంచి సంధి మాటే లేదు. నన్ను మరీ కలచివేసేది వెనక్కి వస్తూ బెరెజినా నది దాటిన ఘట్టం. గడ్డకట్టే నీళ్లలో ఛాతీ లోతున నిలబడి, తోటివాళ్లు దాటడానికి వంతెనలు కట్టిన డచ్ సైనికుల్లో చాలామంది ఇంటికి చేరలేదు.

అందుకే గేమ్‌లో మాస్కో దారిలోని స్మోలెన్స్క్ నగరం పట్టుకుని ఆగిపోయాను. దండును మూడు ముక్కలు చేసి పక్కపక్క ప్రావిన్సుల్లో సర్దాను. నష్టం తగ్గింది, కానీ రష్యన్ సేనాని కుతుజోవ్‌కి బలం కూడగట్టుకునే టైమిచ్చినట్టే. వెనక ఆస్ట్రియా ఎప్పుడు తిరగబడుతుందో అన్న భయం వేరే. అయినా నాకిదే సరైన దారి అనిపిస్తోంది. మంచు కరగ్గానే మాస్కో వైపు కదులుతాను. ఈ గేమ్‌లో ఆస్ట్రియాని కట్టడి చేసినవాళ్లెవరైనా ఉంటే కాస్త చెప్పండి.