మిల్లు ఫార్ములాల వేరియబుల్ ఏడికెళ్లి వస్తది? నా అనుభవం

మిర్యాలగూడల ఒక రైస్ మిల్లుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తున్న, జావా భాషల, స్ప్రింగ్ బూట్ అనే ఫ్రేమ్‌వర్క్ మీద. తరుగు లెక్క సీజన్‌కో తీరు మారుతది, "ప్రతిసారి నీకు ఫోన్ చేసుడెందుకు తమ్మీ, ఫార్ములా మేమే స్క్రీన్ మీద రాసుకుంటం" అన్నడు సేటు. సరే అని స్ప్రింగ్‌తోనే వచ్చే ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్, స్పెల్ అంటరు గద, అది పెట్టిన, రాసిన ఫార్ములాని చదివి లెక్క చేసి ఇస్తది.

ముందుగాల తూకం, రేటు, తేమ, హమాలీ అన్నీ సెట్‌వేరియబుల్‌తోని కాంటెక్స్ట్‌ల (ఫార్ములా నడిచేటప్పుడు స్పెల్ విలువలు చూసుకునే జాగల) వేసిన, ఫార్ములాల పేరు ముందు # పెడితే దొరుకుతయి. టెస్టింగ్‌ల చూస్తే 20 శాతం తేమ ఉన్న లోడుకి గూడ తరుగు పైసా కోస్తలేదు. ఎర్రర్ లేదు, లాగ్‌ల ఏం లేదు. ఏందంటే గుమస్తా తేమని ఇంగ్లీష్ అక్షరాలల్ల హెచ్ పెట్టి రాసిండు, కోడ్‌ల హెచ్ లేదు, అంతే.

# పెట్టిన పేరు దొరక్కపోతే స్పెల్ లొల్లి చెయ్యదు, ఊకనే నల్ (ఏ విలువా లేదు అని) ఇస్తది. గుణకారం ఉంటే ఎర్రర్ కొట్టేది, కానీ ఈడ ఉన్నది తేమ > 17 అనే పోలిక, పోలికల నల్ అంటే అన్నిటికన్న చిన్నది అని లెక్క, అందుకే ఫాల్స్, అందుకే తరుగు సున్నా. ఎర్రర్ వచ్చి ఆగిపోతే నయం, తప్పు లెక్కతోని బిల్లు ప్రింట్ అయితే ఎవలు పట్టుకుంటరు?

అందుకే # తీసేసిన. విలువలన్నీ పేరు-విలువ జతలుండే ఒక మ్యాప్‌ల పెట్టి దాన్నే రూట్ ఆబ్జెక్ట్ (ఉత్త పేరు రాస్తే స్పెల్ వెతికే వస్తువు) చేసిన. ఉత్త మ్యాప్ ఇస్తే డైరెక్ట్ పేరుతోని కీ (అంటే పెట్టిన పేరు) దొరకది, మ్యాప్‌యాక్సెసర్ అనే స్ప్రింగ్ క్లాస్ జోడియ్యాలె. అది కీ ఉంటేనే చదువుతది, లేకుంటే ఈఎల్1008ఈ, అంటే ఆ పేరు దొరకలేదు, అని ఎర్రర్ ఇస్తది, నాక్కావల్సింది గదే. బ్రాకెట్లల్ల కీ రాసి తీస్తే మాత్రం మళ్ల నల్లే, జర చూస్కోవాలె. కాంటెక్స్ట్ గూడ స్టాండర్డ్ తీసి సింపుల్‌ఎవాల్యుయేషన్‌కాంటెక్స్ట్ పెట్టిన, ఎందుకంటే స్టాండర్డ్‌ల టీ బ్రాకెట్, అంటే T( ), రాసి ఏ జావా క్లాస్‌నైనా పిలవొచ్చు, స్క్రీన్ మీద ఎవలో రాసే ఫార్ములాకి అంత తాళంచెవి ఇస్తమా!

లోడుల బస్తాల లిస్ట్ మీద లెక్క కాడ ఇంకో తిరకాసు. లిస్ట్‌ల ఒక్కొక్క బస్తా మీద లెక్క నడిపే ![ ] లోపటికి పోయినంక ఉత్త పేరు రాస్తే బస్తాలనే వెతుకుతది, పైన మ్యాప్‌ల ఉన్న రేటు కావాల్నంటే #root (స్పెల్‌ల ముందే ఉండే పేరు, రూట్ ఆబ్జెక్ట్‌ని చూపిస్తది) పెట్టి అడగాలె.

ఇగ సేవ్ కొట్టంగనే ఫార్ములాని ఉత్తుత్తి లోడు మీద నడిపిస్తున్న, అది గూడ ఒక్కటి సాలది, షరతుల నడవని కొమ్మల ఉన్న పేర్లని అది ముట్టనే ముట్టదు గద, అందుకే ఒకటి తడి లోడు, ఒకటి పొడి లోడు.