కెల్ప్ గుర్తింపు: మూడో నెల

కాలిఫోర్నియాలోని మాంటెరే తీరంలో నీటిపైన పందిరిలా పరచుకునే కెల్ప్‌ను, అంటే పెద్ద సముద్రపు నాచును, గుర్తించడం మొదలుపెట్టి మూడు నెలలైంది. ఇక్కడ జెయింట్ కెల్ప్, బుల్ కెల్ప్ రెండూ పెరుగుతాయి. మొదటి నెలంతా రంగు చూసి తేల్చబోయాను. ఎండ ఏటవాలుగా పడితే రెండూ ఒకే తేనె రంగులో మెరుస్తాయి, అది దారి కాదు.

ఇప్పుడు ముందు చూసేది గాలిబుడ్డల్ని. బుల్ కెల్ప్‌కు పొడవాటి కాడ చివర ఒకటే పెద్ద బుడ్డ, దాని తలమీంచి ఆకులన్నీ జుట్టులా ప్రవాహం వైపు వాలి ఉంటాయి. జెయింట్ కెల్ప్‌కు ప్రతి ఆకు మొదట్లోనూ ఒక చిన్న బుడ్డ. (ఆకు, కాడ అంటున్నాను గాని ఇది మొక్క కాదు, గోధుమ శైవలం.) శనివారం కయాక్ పక్కనే తేలుతున్న జెయింట్ కెల్ప్ కొసను చేతిలోకి తీసుకున్నాను. ఆకు మీద ముడతలు, అంచున రంపపు పళ్లు. చిట్టచివరి వెడల్పాటి ఆకులో మొదట్లో సన్నని చీలికలు పడుతున్నాయి. ఒక్కో చీలిక ఒక కొత్త ఆకు! ఎంతసేపు చూశానో గుర్తులేదు.

ఒడ్డు నుంచి బైనాక్యులర్‌తో చూస్తే, విడివిడిగా ఊగే గుండ్రని తలలు బుల్ కెల్ప్, చాపలా అల్లుకున్నది జెయింట్ కెల్ప్. కొట్టుకొచ్చిన తెట్టెను లెక్కలోకి తీసుకోను. పది నిమిషాలు చూసినా చోటు మారకపోతేనే నమోదు చేస్తాను.

నా పెద్ద పొరపాటు పోటు వేళ చూడటం. ఆగస్టులో ఒక చిన్న మలుపు దగ్గర ‘ఖాళీ’ అని రాసుకున్నాను. రెండు రోజుల తర్వాత ఆటు సమయానికి వెళితే అక్కడ నిండుగా పందిరి. నీటిమట్టం పెరిగి, ప్రవాహం బలంగా ఉంటే కెల్ప్ కిందికి వంగి మునిగిపోతుంది. ఆ నమోదు కొట్టేశాను. ఇప్పుడు ఆటుకు గంట అటూ ఇటూ మాత్రమే వెళుతున్నాను, నీటిమట్టం కూడా రాస్తున్నాను. వేసవిలో పెద్ద ఆటు తెల్లవారుజామున వస్తుంది కాబట్టి నాలుగింటికే లేవాలి.

ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలతో పోల్చి చూశాను. అందులో ఒక్కో చుక్క (పిక్సెల్) 30 మీటర్లు, బండల పక్కన సన్నగా సాగే అంచు అందులో నేలతో కలిసిపోతుంది. ఆ అంచు నా పుస్తకంలో ఉంది.

జాతిని విడదీసి రాయడం నాకు ముఖ్యం. 2014లో మొదలైన వేడి నీటి కాలం, సముద్రపు ముళ్లకాయల్ని (సీ అర్చిన్‌లను) తినే నక్షత్ర చేపల మరణాలు, కెల్ప్‌ను మేసే ఆ ముళ్లకాయల విజృంభణ కలిసి ఉత్తర కాలిఫోర్నియాలో బుల్ కెల్ప్‌ను 90 శాతానికి పైగా తుడిచిపెట్టాయి. అది ఏడాది బతుకు, చలికాలపు తుఫానులకు ఊడిపోతుంది. డిసెంబరులో అదే మలుపుల్లో బుడ్డలు ఎన్ని మిగిలాయో లెక్కపెడతాను.